డింకో సింగ్ పిడికిలికి మనం బాకీ

బాక్సింగ్ నేర్చుకుంటామని వచ్చిన పిల్లలకు మొదటి వారం నేను గుద్దడం నేర్పను. చేతికి పట్టీ కట్టుకోవడం నేర్పుతాను. బొటనవేలికి ఉచ్చు తగిలించి, మణికట్టుకు మూడు చుట్లు, కణుపుల మీద మూడు చుట్లు, వేళ్ల సందుల్లోంచి ఒక్కొక్కటి. పిడికిలి బిగిస్తే పట్టీ బిగుసుకోవాలి, వదిలితే వదులవ్వాలి. ఒక చేతిలో 27 ఎముకలుంటాయి. ఏ ఒక్కటి చిట్లినా బాక్సర్ బతుకు తలకిందులవుతుంది. నా కుడిచేతి చిటికెనవేలి కింది ఎముక 22వ ఏట ఒక పోటీలో విరిగి వంకరగా అతుక్కుంది. ఎక్స్‌రే డబ్బులు మా నాన్నే కట్టాడు. నన్ను ఆడించినవాళ్లు మళ్లీ మా గడప తొక్కలేదు. ఈరోజుకీ ఆ పిడికిలి పూర్తిగా ముడుచుకోదు.

అందుకే బాక్సర్ డింకో సింగ్ కథ నాకు పాతబడదు.

మణిపూర్‌లోని సెక్తా ఆయన ఊరు. పెరిగింది అనాథాశ్రమంలో. 1989లో అంబాలాలో సబ్ జూనియర్ జాతీయ పోటీలు గెలిచేనాటికి పదేళ్లు. తర్వాత నేవీలో చేరాడు. 1997లో బ్యాంకాక్‌లో కింగ్స్ కప్ గెలిచాడు. మరుసటి ఏడాది ఆ ఊళ్లోనే ఆసియా క్రీడలు. జట్టులో మొదట ఆయన పేరే లేదు. ఆఖరుకు చోటు దొరికింది. సెమీఫైనల్లో థాయ్‌లాండ్ బాక్సర్‌ను వాళ్ల గడ్డ మీదే ఓడించాడు. ఫైనల్లో ఉజ్బెకిస్తాన్ బాక్సర్ తిమూర్ తుల్యకోవ్ నాలుగో రౌండ్ తర్వాత ఇక బరిలోకి రాలేకపోయాడు. 54 కిలోల విభాగంలో స్వర్ణం మనది. 1982లో ఢిల్లీలో కౌర్ సింగ్ గెలిచాక 16 ఏళ్లకు ఆసియా క్రీడల బాక్సింగ్‌లో మళ్లీ బంగారం. అప్పటికి డింకోకు పంతొమ్మిదేళ్లు.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొదటి బౌట్‌లోనే ఓడిపోయాడు. గాయాలు వెంటాడాయి. మళ్లీ ఆ ఎత్తుకు చేరలేదు. ఇంఫాల్‌లో కోచ్‌గా పిల్లలకు నేర్పాడు. 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాత కాలేయ క్యాన్సర్. వైద్యం ఖర్చుకు ఇల్లు అమ్ముకున్నాడు. 2020 లాక్‌డౌన్‌లో విమానంలో ఢిల్లీకి తరలించారు. తిరుగు ప్రయాణం అంబులెన్సులో, రెండు వేల కిలోమీటర్లకు పైగా. 2021 జూన్ 10న కన్నుమూశాడు. వయసు 42.

కోపిష్టి, క్రమశిక్షణ లేక చెడిపోయాడు అని నా ముందే అన్నవాళ్లున్నారు. అమ్మానాన్నల నీడ లేకుండా పెరిగి, పంతొమ్మిదేళ్లకే దేశం భుజాలకెత్తుకున్న కుర్రాడు. ఆ భుజాల మీంచి దించాక పక్కన కూర్చోబెట్టుకుని మంచీ చెడూ చెప్పాల్సింది ఎవరు? గాయం మానేదాకా ఆగమని చెప్పాల్సింది ఎవరు? క్రమశిక్షణ ఆటగాడికి ఎంత అవసరమో, ఆటగాణ్ణి ఆడించే వ్యవస్థకూ అంతే అవసరం.

క్రీడాకారుల సంక్షేమ నిధి కేంద్రం దగ్గర ఉంది. కానీ దానికి అర్జీ పెట్టుకోవాలి. దేశం కోసం దెబ్బలు తిన్నవాడు మంచం పట్టాక కాగితం పట్టుకుని అడగడమేమిటి? డింకో కంటే ముందు స్వర్ణం తెచ్చిన కౌర్ సింగ్ కూడా గుండె వైద్యానికి అప్పు చేయాల్సి వచ్చింది. ఇద్దరు స్వర్ణ విజేతలకూ ఇదే గతి పట్టిందంటే దాన్ని తలరాత అని సరిపెట్టుకోలేం.

డింకోను చూసే మేరీ కోమ్ గ్లవ్స్ తొడిగింది. మేరీని చూస్తూ పెరిగిన మా నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్ అయింది. తెలంగాణ ప్రభుత్వం ఆమెకు డీఎస్పీ ఉద్యోగమిచ్చింది. మనసారా సంతోషించాను. కానీ పతకం దాకా వెళ్లి ఆగిపోయినవాళ్ల మాటేమిటి? జాతీయ శిబిరంలో అడుగుపెట్టిన ప్రతి బాక్సర్‌కూ జీవితాంతం చెల్లే ఆరోగ్య కార్డు ఇవ్వాలి. ప్రతి గాయాన్నీ రికార్డులో రాయాలి. మళ్లీ రింగ్‌లోకి దిగొచ్చా లేదా అన్నది డాక్టరే చెప్పాలి.

మొన్న పొద్దున పదకొండేళ్ల పాప తొలిసారి తనే పట్టీ కట్టుకుని, "సరిగ్గా ఉందా సార్?" అంటూ చెయ్యి చాపింది. ఒక చుట్టు వదులుగా ఉంటే విప్పి మళ్లీ కట్టించాను. ఆ చెయ్యి రింగ్‌లో విరగకుండా చూసుకోవడం నా పని. రింగ్ దిగాక ముప్పై ఏళ్లకు ఆసుపత్రి బిల్లు కోసం అదే చెయ్యి ఎవరి ముందూ చాచకుండా చూసుకోవడం ప్రభుత్వం పని.