మనోడు అంటే చురక, ఎదుటోడు అంటే దూషణ

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నా. ఓపిక లేనివాళ్లు సగంలో ఆపేసి ఫోన్ చేసి తిట్టండి, పర్వాలేదు.

ఎలక్షన్ వాసన తగిలిందంటే చాలు, మన గుంపులో పెళ్లి పత్రికలు, స్కాలర్‌షిప్ కబుర్లు వెనక్కి పోయి వెక్కిరింపు వీడియోలు ముందుకొస్తాయి. పొద్దున ఒకరు ఒక తలైవర్‌ను ఎగతాళి చేసే వీడియో పెడతారు, కింద పది నవ్వు బొమ్మలు. సాయంత్రం ఇంకొకరు ఈ పక్క నాయకుడిని ఎగతాళి చేసేది పెడతారు. పొద్దున నవ్వినవాళ్లే అప్పుడు "సంఘం గుంపులో రాజకీయం ఎందుకప్పా?" అని లేస్తారు. మాటా మాటా పెరిగి ఒకాయన గుంపు విడిచి వెళ్లిపోతాడు. ఆయన ఎవరికో వియ్యంకుడు, ఇంకెవరికో మేనమామ. రేపు కళ్యాణ మండపంలో పక్కపక్క ఆకుల్లో కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఊరికి ఇరవై ముప్పై ఇళ్లున్న చోట ఇది చిన్న సంగతి కాదు.

నాకు ఒక్కటే అడగాలని ఉంది. వీడియోలో చెప్పింది నిజమా అబద్ధమా అని మనలో ఎవరైనా ఎప్పుడైనా అడిగినారా? అది ఏ కచ్చిది అన్నది ఒక్కటి చూసి, నవ్వాలో కోపం తెచ్చుకోవాలో తేల్చేసుకుంటున్నాం.

2016 మే ఎలక్షన్ గుర్తు తెచ్చుకోండి. టీవీ పెడితే చాలు, ఆ కచ్చి ప్రకటన, ఈ కచ్చి ప్రకటన. డీఎంకే వాళ్ల ప్రకటనలో ఒక అవ్వ వచ్చి, ఆకాశంలో తిరిగేవాళ్లకు కింద మన కష్టం ఏం తెలుస్తాదని జయలలితమ్మను ఎత్తిపొడిచింది. అదే అవ్వ అన్నాడీఎంకే ప్రకటనలో కనబడి అమ్మను మెచ్చుకున్నది. తమిళనాడంతా నవ్వింది. ఈ పక్కవాళ్లు ఆ పక్కవాళ్లను మోసగాళ్లన్నారు, ఆ పక్కవాళ్లు ఈ పక్కవాళ్లను అన్నారు. ఆ అవ్వ చేసింది ఏముంది? కూలికి నటించింది, అంతే. రెండు చేలల్లో కలుపు తీసిన మనిషిని ఏ చేను నీది అని అడుగుతామా? కానీ ఆ గోలలో 2015 డిసెంబర్ వరదల గురించి, ఇచ్చిన మాటల గురించి ఆ ప్రకటనలు అడిగిన అసలు ప్రశ్నలు కొట్టుకుపోయినాయి.

ఇది మన ఊరి జబ్బు మాత్రమే అనుకోకండి. మన పిల్లలు ఇంతమంది స్థిరపడిన టెక్సాస్‌లో 2008లో ఇదే జరిగింది. అక్కడ అధ్యక్ష పదవికి నిలబడేదెవరో ముందు కచ్చి లోపలే పోటీ పెట్టి తేలుస్తారు. మనకైతే తలైవర్ గదిలో నేర్కాణల్‌తో అయిపోతుంది, వాళ్లు దాన్ని జనం ముందు పెడతారు, ప్రైమరీ అంటారు. హిలరీ క్లింటన్, ఒబామా ఇద్దరూ ఒకే కచ్చి. ఫిబ్రవరి 29న హిలరీ ఒక ప్రకటన వేసింది. రాత్రి మూడు గంటలు, పిల్లలు నిద్రపోతున్నారు, వైట్ హౌస్‌లో ఫోన్ మోగుతున్నది, ఎత్తేది ఎవరైతే బాగుంటుంది అని. ఒబామా పేరు కూడా అందులో లేదు. హిలరీ పక్షం, అనుభవం గురించి అడిగితే తప్పేమన్నది. ఒబామా పక్షం, జనాన్ని భయపెడుతున్నారన్నది. ఆర్లాండో ప్యాటర్సన్ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ అందులో నల్లవాళ్ల మీద భయం పుట్టించే వాసన ఉందని న్యూయార్క్ టైమ్స్‌లో రాసినాడు. ఒబామా అదే రోజు అదే ఫోన్ మోగించి ఇరాక్ యుద్ధం సంగతి ఎత్తుతూ బదులు ప్రకటన వేసినాడు.

తర్వాత బయటపడిన సంగతి ఇంకా బాగుంటాది. ఆ ప్రకటనలో నిద్రపోతున్న చిన్నపిల్ల ఎప్పుడో ఏళ్ల కింద వేరే పనికి తీసిన పాత ఫిల్ములోది. ప్రకటన వచ్చేటప్పటికి ఆ పిల్ల పెద్దదై ఒబామా కోసమే పనిచేస్తున్నది! మన అవ్వకు అమెరికాలో ఒక మనవరాలు ఉన్నట్టు. మార్చి 4న ఒహాయోలో, టెక్సాస్ ఓట్లలో హిలరీ గెలిచింది, మొత్తం పోటీలో ఒబామా గెలిచినాడు. ఎలక్షన్‌లో ఎదుటి కచ్చి మెక్కెయిన్ వచ్చి హిలరీ అన్న మాటల్నే ఎత్తి ఒబామా మీద వేసినాడు. 2009లో ఒబామా ఆమెనే విదేశాంగ మంత్రిగా పెట్టుకున్నాడు. ఫోన్ ప్రకటన చూసి బంధుత్వాలు తెంచుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లకు ఎలా ఉండి ఉంటాదో.

సరే, మన దగ్గరికి వస్తా. 2011లో వడివేలు డీఎంకే వేదికలెక్కి విజయకాంత్‌ను ఎంత వెక్కిరించినాడో మీకందరికీ తెలుసు. ఆయన తాగుడు గురించి, నడక గురించి. విజయకాంత్ మన తెలుగింటి మనిషి, ఈ విరుదునగర్ జిల్లా మూలాలున్న మనిషి. డీఎంకేలో ఉన్న మనోళ్లు ఆ రోజు నవ్వలేదా? నవ్వినారు. "హాస్యం హాస్యమే కదా" అన్నారు. ఎలక్షన్‌లో విజయకాంత్ కచ్చికి 29 సీట్లు వచ్చి ఆయన ప్రతిపక్ష నాయకుడైనాడు, వడివేలు సినిమాలు చాన్నాళ్లు ఆగిపోయినాయి. 2016లో విజయకాంత్ ఓడినప్పుడు నవ్వడం అన్నాడీఎంకే వాళ్ల వంతు. 2023 డిసెంబర్ 28న ఆయన పోయినాక ఇద్దరూ ఒకే ఫోటో పెట్టి దండం పెట్టినారు. పోయినవాళ్లను గౌరవించడం మంచిదే, దాన్ని నేను తప్పనడం లేదు. బతికుండగా ఆయన నడక మీద నవ్విన నవ్వు సంగతే అడుగుతున్నా.

ఇప్పుడు కొంచెం నొప్పి తగిలే మాట. 2016 ఏప్రిల్‌లో వైకో గారు కరుణానిధి గారిని కులం పేరు ఎత్తి ఒక మాటన్నారు. తప్పయిందని తానే క్షమాపణ చెప్పినారు కూడా. ఆయన చెప్పుకున్నా మనోళ్లలో కొందరు ఒప్పుకోలేదు, "ఏముంది, నోరు జారింది" అని సమర్థించినారు. అదే నెల 25న ఆయన మన కోవిల్‌పట్టి పోటీ నుంచి తప్పుకున్నారు, డీఎంకే కుల గొడవలు రేపాలని చూస్తున్నదని చెప్పి. అప్పుడు అదే మనోళ్లు కులం పేరుతో రాజకీయమా అని మండిపడినారు. పదిహేను ఇరవై రోజుల్లో ఇంత తేడా. ఆ ఎలక్షన్‌లో కోవిల్‌పట్టిలో గెలుపోటములు 428 ఓట్లతో తేలినాయి. తర్వాత ఏమైంది? 2019లో వైకో గారు డీఎంకే మద్దతుతోనే రాజ్యసభకు పోయినారు. 2021లో మన పక్క సాత్తూరులో ఆయన కచ్చి మనిషి ఉదయసూర్యుడి గుర్తు మీద నిలబడి గెలిచినాడు. నాయకులు కలిసిపోయినారు. 2016లో గుంపు విడిచిన మన బావలు ఇంకా తిరిగి చేరలేదు.

మన పుట్టుక మీద దెబ్బ పడ్డప్పుడు మనకెంత నొప్పో 2024 నవంబర్‌లో చూసినాం. చెన్నై ఎళుంబూరు సభలో నటి కస్తూరి తెలుగువాళ్ల గురించి అన్న మాటను నేనిక్కడ మళ్లీ రాయను. సంఘాలన్నీ లేచినాయి, కేసులు పెట్టినారు, ఆమెను హైదరాబాద్‌లో అరెస్టు చేసినారు, తర్వాత బెయిల్ వచ్చింది. అప్పుడు కూడా మనలో కొందరు "ఆమె అన్నది మనల్ని కాదు, డీఎంకే వాళ్లను" అని సర్దిచెప్పబోయినారు. కచ్చి కళ్లద్దాలు ఎంత బిగుతుగా ఉంటాయంటే, తన తాతముత్తాతలను అన్న మాట కూడా వాటిలోంచి వేరే రంగులో కనబడతాది.

పాంచాలంకురిచ్చి వాళ్లం కాబట్టి ఇంకొకటి చెప్పకపోతే నిద్ర పట్టదు. ఈ సీమలో అన్నిటికంటే పాత తిట్టు ప్రకటన ఏది? "ఎట్టప్పన్" అన్న ఒక్క మాట. తమిళనాట ఏ కచ్చిలో ఎవడు గోడ దూకినా ఈ పేరే పెడతారు. మనం కట్టబొమ్మన కోట పక్క పుట్టినవాళ్లం, వినగానే ఛాతీ ఉబ్బుతుంది. కానీ ఎట్టయపురం వాళ్లెవరు? వాళ్లూ మన రాజకంబళం వాళ్లే, ఇంట్లో తెలుగే. ఆ పాళెయం కంపెనీ పక్షాన నిలిచిన మాట నిజమే, నేను కాదనను. కానీ కట్టబొమ్మన దొరను పట్టి ఇంగ్లీషు వాళ్లకు అప్పగించింది పుదుకోట్టై తొండైమాన్. 1799 అక్టోబర్ 16న కయత్తారులో ఉరి తీసినారు. పట్టి ఇచ్చినవాడి పేరు తిట్టు కాలేదు, పక్క ఊరివాడి పేరు తిట్టయింది. 1959లో పంతులు గారి సినిమా వచ్చినాక అది ఇంకా గట్టిపడింది. 200 ఏళ్లు దాటినా ఎట్టయపురం పిల్లాడు బడిలో ఊరి పేరు చెబితే ఎవడో ఒకడు నవ్వుతాడు. అక్కడి సంబంధం వస్తే మనవాళ్లే ఒక జోకు వేస్తారు. మనోడి పక్షాన ఉన్న తిట్టు కాబట్టి దాన్ని ఇంతవరకు ఎవరూ తిట్టనుకోలేదు.

నేను తిట్టు ప్రకటనలు వద్దనడం లేదు. తాగునీళ్లు ఎన్ని రోజులకు ఒకసారి వస్తున్నాయి, అగ్గిపెట్టె పనివాళ్లకు ఏం చేసినావు అని పాలించేవాడిని గట్టిగా అడగాల్సిందే, వెక్కిరించి అడిగినా సరే. పని మీద వేసిన మాట వేరు, పుట్టుక మీద, ఒళ్లు మీద వేసిన మాట వేరు. మన గుంపులో తిరగబడి ఉంది. పని మీద ప్రశ్న వస్తే "నాయకుడిని అవమానించినారు" అంటాం, పుట్టుక మీద కూత వస్తే అది మన పక్షానిదైతే ముందుకు పంపుతాం.

మన శివకాశి అచ్చాఫీసుల్లో పనిచేసే వాళ్లు ఈ గుంపులో చాలామంది ఉన్నారు, వాళ్లకు తెలుసు. ఎలక్షన్ పోస్టర్ కొడితే అడుగున అచ్చు వేసినవాడి పేరు, వేయించినవాడి పేరు ఉండాలి. 1951 చట్టం, 127ఎ సెక్షన్. పేరు లేకుండా కొడితే జైలు కూడా ఉంది. టీవీ ప్రకటనకు ముందే ఎలక్షన్ కమిషన్ అనుమతి కావాలి. అదీ మన తెలుగు ఛానెల్ జెమినీ టీవీ కేసులోనే 2004 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికాలో అయితే అభ్యర్థే తన నోటితో ఈ ప్రకటన నాదే అని చెప్పాలి. వాట్సాప్‌లో ముందుకు తోసే వీడియోకు మాత్రం అడుగున ఏ పేరూ ఉండదు. ఎవరు తీసినారో, ఎవరు డబ్బిచ్చినారో తెలియదు, మన బావ పంపినాడన్నది ఒక్కటే తెలుసు. అందుకే కోపమంతా బావ మీద పడుతుంది.

వచ్చే కూటంలో ఒక మాట పెడుతున్నా. గుంపులో రాజకీయ వీడియో పెట్టేవాళ్లు శివకాశి పోస్టర్ లాగా అడుగున రెండు ముక్కలు రాయాలి: ఇది ఫలానా కచ్చిది, ఇందులో నేను నిజమని నమ్మే సంగతి ఇది. రాయలేకపోతే పెట్టకూడదు. పుట్టుక మీద, ఒళ్లు మీద ఉన్నది ఏ కచ్చిదైనా అడ్మిన్ తీసేయాలి, "ఎట్టప్పన్" జోకులతో సహా. ఇది జరగని పని అని ఇప్పటికే ఇద్దరు అన్నలు ఫోన్‌లో చెప్పినారు, వాళ్లు చెరో కచ్చి. కూటానికి ఇద్దరూ రండి, అక్కడ మాట్లాడుకుందాం. 2016లో గుంపు విడిచిన వాళ్ల నంబర్లు ఎవరి దగ్గరైనా ఉంటే వాళ్లకూ కబురు చెప్పండి.