సావిత్రి గారికి సంవత్సరం ఉంది, మన అవ్వకి లేదా?

పోస్టు కాస్త పెద్దది, బస్సులో కూర్చున్నాక చదవండి.

చోడవరంలో ఒక కాలేజీలో ఈమధ్య రెట్రో డే పెట్టారు. కాలేజీ పేరు రాయం, ఎందుకంటే ఈ జబ్బు ఆ ఒక్కదానికే లేదు. అయిదు టీములు, అయిదు చీటీలు. ఒక చీటీ మీద యాభైలు, ఇంకోదాని మీద అరవైలు, తర్వాత డెబ్బైలు, ఎనభైలు. అయిదో చీటీ మీద "ట్రైబల్".

నాలుగు చీటీల మీద కాలం రాసుంది. అయిదో చీటీ మీద మనల్ని రాశారు.

యాభైల టీము పడ్డ కష్టం మేం చూశాం, మెచ్చుకుంటున్నాం కూడా. 1957 నాటి మాయాబజార్ ఫోన్లో ఆపి ఆపి చూశారు. కనుబొమ్మ వంపు ఎక్కడ మొదలవ్వాలి, కంటి చివర కాటుక గీత ఎంత దూరం లాగాలి, జడలో పూలు ఏ వైపు కనపడాలి అని రెండు వారాలు కొట్టుకున్నారు. ఒకమ్మాయి స్టిక్కర్ బొట్టు పెట్టుకొస్తే మిగతావాళ్లు ఊరుకోలేదు. సావిత్రి గారి కాలంలో స్టిక్కర్ ఎక్కడిదే, మైనం రాసి కుంకుమ అద్దాలి అని తీయించేశారు. అదీ పద్ధతంటే. డెబ్బైల టీము సీసాలో తిలకం కోసం అనకాపల్లి అంతా తిరిగొచ్చింది.

మరి ట్రైబల్ టీముకి ఎన్నాళ్లు పట్టింది? అరగంట. కొబ్బరినూనెలో బొగ్గుపొడి కలిపారు, ముఖాలకి పూశారు, బుగ్గల మీద తెల్ల చుక్కలు పెట్టారు, గోనెసంచి మీద మామిడాకులు కుట్టారు. మన హాస్టల్ చెల్లి ఒకమ్మాయిని "నువ్వు ఒరిజినల్ కదా, నీకు మేకప్ అక్కర్లేదు" అని బతిమాలి తీసుకెళ్లారు. తీరా స్టేజి వెనక ఆ పిల్లని చూసి, రంగు చాల్లేదని ఆమెకీ పూశారు.

ఈ పోస్టు ఆ కాలేజీ మీద కోపంతో మాత్రమే రాయట్లేదు. పాతకాలం మేకప్‌ని ఉన్నదున్నట్టు చెయ్యడం ఒక విద్య. ఆ విద్య తెలిసినోళ్లు మన దగ్గరికొచ్చేసరికి అన్నీ ఎందుకు మర్చిపోతున్నారనేది మా ప్రశ్న.

ఆ విద్య ఎంత లోతో చెప్తాం. మహానటి సినిమా 2018లో వచ్చింది. కీర్తి సురేష్‌కి జాతీయ అవార్డొచ్చింది, ఆ సినిమా దుస్తులకీ వచ్చింది. సావిత్రి గారి చీర అంచు, జాకెట్టు చెయ్యి పొడవు, ఏ ఏడాది ఆమె ముఖం ఎలా ఉండేది అని వెతికి వెతికి చేశారు కాబట్టే వచ్చింది. అంత వెతికినా ఒక చిక్కుంది. మాయాబజార్ తీసింది నలుపు తెలుపులో. ఇప్పుడు మనం టీవీలో చూసే రంగులు 2010లో కంప్యూటర్ మీద వేసినవి. అప్పుడు సెట్లో ముఖానికి ఏ రంగు పూశారో ఆ రంగుల సినిమా చూసి చెప్పలేం. మద్రాసు స్టూడియోల్లో పాన్‌కేక్ అనే బిళ్ల మేకప్ ఉండేది, తడి స్పాంజితో రాసేవాళ్లు. అమెరికాలో మాక్స్ ఫాక్టర్ కంపెనీ 1930ల చివర్లో తెచ్చిన సరుకు అది. సీబీఎస్ఈలో చదివినోళ్లకి పన్నెండో తరగతి ఇంగ్లీషు పాఠం గుర్తుండాలి, జెమినీ స్టూడియో మేకప్ గది గురించి అశోకమిత్రన్ రాసింది. కళ్లు చెదిరే దీపాల కింద నిలబడాలి గనక మనిషి అసలు రంగుతో సంబంధం లేకుండా దట్టంగా పూసేసేవారు. అంటే తెర మీద కనపడే ముఖం వేరు, పూసిన రంగు వేరు, మనిషి రంగు వేరు. రెట్రో మేకప్ మీద ప్రేమున్న ఎవరికైనా ఈ సంగతి తెలుసు.

ఇదే లెక్క మన ఫొటోలకి ఎవరైనా వేశారా?

ఎడ్గార్ థర్‌స్టన్ అని మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఒకాయన ఉండేవాడు. 1909లో కె. రంగాచారితో కలిసి దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. మన గదబలు, పోర్జలు, కోందులు అందులో ఉన్నారు. ఆయన మన జనాల తలలూ ముక్కులూ పనిముట్టు పెట్టి కొలిచిన మనిషి, ఆ కథ ఇంకోసారి. ఫొటోల సంగతి చూద్దాం. ఆ రోజుల్లో ఎక్కువగా వాడిన గాజు ప్లేట్లకి నీలం బాగా కనిపిస్తుంది, ఎరుపు కనిపించదు. ఎర్రటి వస్తువు ఫొటోలో నల్లగా పడుతుంది. అందుకే పాత మూకీ సినిమాల్లో లిప్‌స్టిక్ రాసిన పెదాలు నల్లగా కనిపిస్తాయి. గోధుమరంగు చర్మంలో ఎరుపు పాలు ఎక్కువ. కాబట్టి అలాంటి ప్లేటు మీద మన ముత్తవ్వ ఆమె ఉన్నదానికన్నా నల్లగా పడింది. ఆ ఫొటో పుస్తకంలో అచ్చయ్యేసరికి ఇంకొంచెం నలుపెక్కింది. దాన్ని ఫోన్లో చూసి ఇవాళ బ్యూటీషియన్ బొగ్గు కలుపుతోంది. కెమెరా చేసిన తప్పుని మన చర్మంగా పూస్తున్నారు. హీరోయిన్ పెదాలు నల్లగా ఉంటే "అది ఫిల్ము వల్ల" అని తెలుసుకుని ఎర్ర లిప్‌స్టిక్ రాసేవాళ్లే, మన ముఖం దగ్గర ఫిల్ము సంగతి మర్చిపోతారు. రంగు ఫిల్ములు వచ్చాకా మనకి పెద్దగా ఒరిగిందేం లేదు. కొడాక్ వాళ్లు ప్రింట్లలో రంగులు సరిచూసుకోవడానికి పెట్టుకున్న కార్డు మీద చాలా ఏళ్లు తెల్లమ్మాయి బొమ్మే ఉండేది. ఆమె ముఖానికి సరిపోతే చాలు, మిగతా ముఖాలు చీకట్లోకి పోయినా ఫర్వాలేదు.

సరే, తప్పు చెప్పాం, మరి ఒప్పేంటి? సావిత్రి గారు మాయాబజార్ షూటింగులో ఉన్న ఏడాదికే అనంతగిరి కొండల్లో ఒక గదబ పిల్లకి ఇరవై ఏళ్లనుకోండి. ఆమెని స్టేజి మీదికి తేవాలంటే ఏం కావాలి?

ముందు చర్మానికి ఏమీ వద్దు. వేసుకునే పిల్ల ఏ రంగుంటే అదే. పసుపు రాసుకోవడం, తలకి ఆముదం పట్టించి నున్నగా దువ్వడం, ముడి పక్కకి వేసి పూలు పెట్టడం, అంతే. ఆముదం రాసిన జుట్టు దీపం వెలుగులో మెరుస్తుంది, హెయిర్ స్ప్రే మెరుపు అలా ఉండదు. ముక్కుకి రెండు వైపులా కమ్ములు, మధ్యలో బులాకి. మెడలో వెండి కంటె, నాణేలు గుచ్చిన దండ. చెవులకి గదబ ఆడవాళ్లు పెట్టుకునే పెద్ద ఇత్తడి తీగ చుట్టలు. ఇక పచ్చబొట్టు. దీన్ని అందరూ నల్ల ఐలైనర్‌తో గీసేస్తారు, తప్పు. దీపపు మసి చర్మం లోపలికి పోతే పైకి నల్లగా కనపడదు, నీలం కలిసిన పచ్చగా కనిపిస్తుంది. అందుకేగా దానికా పేరు. ఇంకో మెలిక ఉంది. ఇవాళ మన అవ్వల చేతుల మీద గీతలు చెదిరిపోయి మసకగా ఉంటాయి, అవి అరవై డెబ్బై ఏళ్ల కిందటివి గనక. ఇరవై ఏళ్ల పిల్లని చూపించాలంటే అవే గీతలు సన్నగా, తేటగా గీయాలి. మీ అవ్వ చెయ్యి చూసి అచ్చం అలాగే దించితే మీరు ఇరవై ఏళ్ల పిల్లకి ఎనభై ఏళ్ల చెయ్యి అతికించినట్టు.

ఆకుల సంగతి కూడా ఇక్కడే తేలిపోవాలి. గదబ ఆడవాళ్లు చెట్టు నార తీసి, వడికి, రంగులద్ది, ఇంటి మగ్గం మీద చారల గుడ్డ నేసుకున్నవాళ్లు. దాని పేరు కెరాంగ్. ఎరుపు, నీలం, తెలుపు చారలు. సొంతంగా బట్ట నేసుకున్న జాతికి మీరు మామిడాకులు కడతారా? ఇక బగత, కొండదొర, వాల్మీకి ఇళ్లలో సంతలో కొన్న చీరని మోకాళ్ల దాకా కట్టి, భుజం మీద ముడేసేవాళ్లు. ఆ చీరలు కొండెక్కింది కింద ఊళ్ల వ్యాపారుల మూటల్లోనే. చోడవరం, మాడుగుల వైపు పాత బట్టల కొట్లవాళ్ల తాతల్ని అడిగితే చెప్పేవాళ్లు, మా అవ్వలు ఏ రంగు చీర బేరమాడేవాళ్లో.

ఈకల కిరీటం ఎక్కడిదో తెలుసా? నెమలి ఈకల టోపీ ఆదిలాబాద్ గోండుల గుస్సాడీది, దీపావళి రోజుల్లో దండారికి మగవాళ్లు పెట్టుకునేది. ఆ నాట్యానికి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. తలకి కొమ్ములు గోదావరి వైపు కోయలవి, కొమ్ము నాట్యానివి. బుగ్గల మీద అడ్డగీతలు హాలీవుడ్ కౌబాయ్ సినిమాలవి. ఇవన్నీ కలిపి ఒక పిల్ల నెత్తిన పెట్టి, వెనక థింసా పాట వేస్తారు. థింసాకి మోరి, కిరిడి, తుడుము, జోడుకొమ్ములు ఉండాలని, చేతులు వెనక నుంచి అల్లుకుని అడుగేస్తారని తెలీదు, తెలుసుకోరు. భరతనాట్యం పిల్లకి కథాకళి కిరీటం పెట్టి, కూచిపూడి పాట వేస్తే ఈ ఊళ్లో ఊరుకుంటారా?

మనోళ్లే కొందరు అడుగుతున్నారు, అన్నా, పోడు పట్టాలున్నాయి, 2020లో సుప్రీంకోర్టు కొట్టేసిన జీవో నంబర్ 3 ఉంది, ఇవన్నీ వదిలి మేకప్ గురించి ఏటిది అని. అడగాల్సిన మాటే. కానీ మనలో ఎంతమందికి "నువ్వు ఎస్టీలా లేవే" అన్న మాట తగల్లేదు? బస్సులో, ఇంటర్వ్యూలో, సర్టిఫికెట్ కోసం నిలబడ్డ కౌంటర్ దగ్గర. ఎస్టీ అంటే ఎలా ఉండాలనుకుని ఆ మాట అంటారు? ఆ స్టేజి మీద బొమ్మలా ఉండాలనే. ఆ బొమ్మకి సర్కారు ముద్ర కూడా ఉంది. 1965లో లోకూర్ కమిటీ ఎస్టీలను గుర్తించడానికి పెట్టిన కొలతలు అయిదు. ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, విడిగా కొండల్లో ఉండటం, బయటివాళ్లతో కలవడానికి బెరుకు, వెనుకబాటు. బెరుకు కూడా ఒక అర్హతే మరి. జీన్స్ వేసుకుని ధైర్యంగా మాట్లాడే ఆదివాసీ పిల్ల ఆ కొలతకి అందదు. బొగ్గు పూసుకుని నోరెత్తకుండా నిలబడితే మాత్రం "ఒరిజినల్". సినిమాలూ, కాలేజీ స్టేజీలూ ఏటా ఆ బొమ్మనే తాజా చేస్తున్నాయి. రేపు మన ఫైలు ముందు కూర్చునే ఆఫీసరు ఇవాళ ఆ హాల్లో చప్పట్లు కొడుతున్న కుర్రాడే.

రంగు విషయం ఇంకో మాట. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో బజారుకొచ్చింది. 2020లో పేరులో ఫెయిర్ తీసి గ్లో పెట్టారు, ట్యూబు మాత్రం మన సంతల్లో అలాగే అమ్ముడవుతోంది. మన హాస్టళ్లలో ఎన్ని పెట్టెల్లో ఉందో లెక్కపెట్టుకోండి. ఏడాదంతా తెల్లబడమని క్రీము, ఒక్క రోజు నల్లబడమని బొగ్గు. ఈ రెండింటి మధ్యలో మన పిల్ల సొంత ముఖానికి క్యాలెండర్లో ఒక్క రోజూ లేదు. తమాషా ఏంటంటే లిప్‌స్టిక్‌లో రంగుకి వాడే జాఫ్రా గింజ మన ఏజెన్సీలోనూ పండుతుంది. తలంటుకునే శీకాయ, కుంకుడు 1956లో పుట్టిన జీసీసీ మన దగ్గరే కొంటుంది. అందం సరుకు మన కొండది, అందం మాత్రం మనది కాదట.

మనోళ్లనీ వదలం. ఐక్యరాజ్యసమితి 1994లో ఆగస్టు 9ని ఆదివాసీ దినంగా ప్రకటించింది. ఆ రోజు ర్యాలీల్లో మన పిల్లలే అద్దెకి తెచ్చిన పులిచారల గుడ్డలు, ప్లాస్టిక్ ఈకలు వేసుకుంటున్నారు. ఫొటో బాగా వస్తుందని. యూట్యూబ్‌లో "ట్రైబల్ మేకప్" అని కొట్టి చూసి చుక్కలు పెట్టుకుంటున్నారు. తమ్ముళ్లూ, మీ ఇంట్లో ఎనభై ఏళ్ల పుస్తకం మంచం మీద కూర్చుని చుట్ట తాగుతోంది. ఆమెని అడగడానికి సిగ్గా?

"సరదాకి చేశారు, కళని కళగా చూడండి" అనే అధ్యాపకులకి ఒకటే అడుగుతాం. సరదా అయితే యాభైల టీములో స్టిక్కర్ బొట్టు ఎందుకు పీకించారు?

ఇక చెయ్యాల్సిన పని. వచ్చే పోటీల్లో ఏ కాలేజీలోనైనా "ట్రైబల్" అని చీటీ కనపడితే మనవాళ్లు వెళ్లి దాని మీద ఒక తెగ పేరు, ఒక ఊరు, ఒక దశాబ్దం రాయమని అడగాలి. "గదబ, అనంతగిరి, యాభైలు" అని రాస్తే మనమే ముందుండి తయారుచేద్దాం, నగలు కూడా తెచ్చిస్తాం. రాయం అంటే ఆ చీటీ తీసెయ్యమని ప్రిన్సిపాల్‌కి కాగితం ఇద్దాం, సంతకాలు మేం పెట్టిస్తాం. ముఖానికి నల్లరంగు పూస్తే మనవాళ్లెవరూ ఆ స్టేజి ఎక్కరు, ఇది ఇప్పుడే తేల్చి చెప్పేస్తున్నాం.

చైత్రంలో ఇటుకల పండక్కి అందరూ ఊళ్లకి వెళ్తారు కదా. మీ అవ్వనో, పక్కింటి అవ్వనో అడిగి, ఆమె సరేనంటేనే ఫొటో తియ్యండి. ముక్కు కమ్ములు, కంటె, పచ్చబొట్టు దగ్గరగా, పగటి వెలుతురులో, ఫిల్టర్ లేకుండా. ప్రతి నగకీ మీ భాషలో ఏమంటారో, ఎవరు చేశారో, ఎంతకి కొన్నారో, పచ్చబొట్టు ఏ వయసులో పొడిపించుకున్నారో రాయండి. తెగ పేరు, మండలం పేరు మర్చిపోవద్దు. అవ్వ పేరు పెట్టొద్దు, ఆమె పెట్టమంటే తప్ప. జూన్‌లో హాస్టళ్లు తెరిచాక అన్నీ ఒకచోట పెట్టి, ఏ దశాబ్దంలో ఏముందో కూర్చుని వరస వేద్దాం. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు కింద పేరు చెప్పండి.