ముందు కట్టండి, తర్వాత కూల్చండి

బల్ల మీద బొమ్మ సైనికుల్ని నిలబెట్టి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి ఆడే యుద్ధక్రీడ మనవాళ్ళలో చాలామందికి కొత్త. ఆట మాత్రం పాతదే. హెచ్.జి. వెల్స్ 1913లోనే దీనికి నియమాలు రాసి "లిటిల్ వార్స్" పేరుతో పుస్తకం వేశాడు. ఇందులో సైనికులెంత ముఖ్యమో, వాళ్ళు నక్కడానికి గోడలూ, కూలిన కట్టడాలూ అంత ముఖ్యం.

నేను పనిచేసే వన్-నార్త్‌లో ఈ పిచ్చి ఉన్న సహోద్యోగులు నలుగురున్నారు. చోటు కూడా సరైనదే. ఫ్యూజనోపొలిస్ గాజు మేడలకి కాస్త దూరంలోని వెసెక్స్ ఎస్టేట్‌లో, ఒకప్పటి బ్రిటిష్ సైనికుల ఇళ్ళకి వాళ్ళ యుద్ధాల పేర్లే పెట్టారు. మరి మన యుద్ధాల సంగతేమిటి అంటే, "అయితే మీ కోట ఒకటి పెడదాం" అన్నారు. నేను ఓరుగల్లు అన్నాను.

వాళ్ళు గీసుకొచ్చిన ప్లాను చూడ్డానికి బాగుంది. నాలుగు తోరణాలు, చుట్టూ విరిగిన స్తంభాలు, వాటి మధ్య 1323 నాటి కాకతీయ, తుగ్లక్ సైన్యాలు. అయితే ఇందులో పెద్ద బగ్ ఒకటుంది. ఉలుఘ్ ఖాన్ సైన్యం కోటలోకి వచ్చేసరికి స్వయంభూ దేవాలయం ఇంకా గుడిగానే ఉంది. ఆ రాళ్ళు యుద్ధరంగం కాదు, యుద్ధ ఫలితం. అవుట్‌పుట్‌ని తీసుకొచ్చి ఇన్‌పుట్‌గా ఇస్తే ఎలా? హంపీ కూడా అంతే. 1565 యుద్ధం జరిగింది ఎక్కడో కృష్ణ ఒడ్డున. నగరం పాడుబడింది ఆ తర్వాత.

అందుకని నా అభిప్రాయం ఇది: చారిత్రక శిథిలాన్ని శిథిలంతో మొదలుపెట్టకూడదు. మొదటి వెర్షన్ పూర్తి కట్టడం. రెండోది, దాన్ని కూల్చిన రోజు. మూడోది, రాళ్ళు ఇతర కట్టడాలకి తరలిపోయాక మిగిలింది. ఏ ఏడాది ఆట ఆడుతున్నామో ఆ వెర్షన్ బల్ల మీదికి రావాలి. 1504 నాటి శాసనం వేయించిన షితాబ్ ఖాన్ కాలం ఆటకైతే విరిగిన రాళ్ళ మధ్య తోరణాలు న్యాయమే.

కూలే పద్ధతి కూడా కట్టిన పద్ధతిని బట్టే ఉంటుంది. బజార్లో దొరికే సెట్లు ఎక్కువగా యూరప్ తరహావి: బాంబు పడి సగం మిగిలిన ఇటుక గోడ, అందులో కిటికీ కన్నాలు. కాకతీయుల గుడి అలా విరగదు. అది స్తంభాలు, దూలాలు, పైన బండలు. గోడ రాళ్ళు పోయినా స్తంభాలు నిలబడే ఉంటాయి, కప్పు బండ ఒక పక్కకి వాలుతుంది. స్తంభం ఒక్కడికే చాటు, చూపుకి అడ్డం కాదు. అంటే ఆటే మారిపోతుంది. ఇక రామప్ప శిఖరానికి వాడినవి నీళ్ళలో తేలే ఇటుకలు. మనం కోసే ఫోమ్ షీటూ తేలుతుంది కాబట్టి ఆ విషయంలో మనం నిజాయితీగానే ఉన్నట్టు!

కొలతలు చూద్దాం. 28 మిల్లీమీటర్ల బొమ్మలకి స్కేలు సుమారు 1:56. కోట లోపలి రాతిగోడ వ్యాసం దాదాపు 1.2 కిలోమీటర్లు, అంటే బల్ల మీద 21 మీటర్లు! ఆరడుగులకి నాలుగడుగుల బల్ల మీద పట్టేది వంద మీటర్ల ముక్కే. నేనైతే రాతిగోడ ముక్కనే ఎంచుకుంటాను. లోపలివైపు పొడుగునా మెట్లున్నాయి, రక్షకులు ఎక్కడినుంచైనా గోడెక్కగలరు. ఆట మధ్యలోనే గోడ కూలాలంటే 1757 జనవరి 24 నాటి బొబ్బిలి ఉంది. బుస్సీ ఫిరంగులకి కూలే మట్టిగోడని విడిభాగాలుగా చెయ్యొచ్చు. కోట లోపల ఆడవాళ్ళకీ పిల్లలకీ జరిగినదాన్ని మాత్రం నేను బల్ల మీద పెట్టను.

"ఆటే కదా, ఇంత చాదస్తం ఎందుకు?" అని మీరడగొచ్చు. ఇక్కడ పెరుగుతున్న మన పిల్లల్లో కొందరు ఓరుగల్లుని మొదటిసారి చూసేది ఇలాంటి బల్ల మీదే కావచ్చు. ముక్కలు మాత్రమే చూపిస్తే, మనవాళ్ళు కట్టినవన్నీ మొదటినుంచీ ముక్కలే అనుకుంటారు. కప్పుకీ శిఖరానికీ నాలుగు అయస్కాంతాలు పెట్టి, తీసి పెట్టుకునేలా చేస్తే చాలు. ఏం పోయిందో తెలియాలంటే ఏం ఉండేదో ముందు కనబడాలి.