కాలు ఆనితే చాలునా?

మా పొడవు అయిదడుగుల రెండంగుళాలు. మా మీటియర్ 350 మోటారు సైకిలు సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు. ఈ రెంటికీ పొత్తు కుదరక, కుందలహళ్ళి గేటు దగ్గర ఎర్రదీపం పడినప్పుడల్లా మేము మునివేళ్ళ మీద నిలిచి 191 కిలోల బండిని మోస్తూ ఉండేవారము. వెనుక మా ఇంటావిడ. ఆమె బరువు ఇక్కడ వ్రాస్తే ఈ నెల మాకు భోజనం ఉండదు.

ఒక మెకానిక్కు మాట విని, వెనుక షాకబ్జర్లు తీయించి రెండంగుళాలు పొట్టివి వేయించాము. అరికాళ్ళు రెండూ నేలకు ఆనాయి. ఆ సంబరం ఏ.ఇ.సి.ఎస్. లేఅవుటులోని మొదటి స్పీడు బ్రేకరు దాకా నిలిచింది. బండి పొట్ట మిట్టకు గీసుకున్నది. ఇంటావిడ నడుము పట్టుకొని దిగి, నాలుగు రోజులు మంచం దిగలేదు.

తప్పు ఎక్కడున్నదో తరువాత తెలిసింది. స్ప్రింగు పని కుదుపును మింగడం. మింగడానికి చోటు కావాలి. పొట్టి షాకబ్జరులో ఆ చోటు తక్కువ. ఇద్దరెక్కితే అందులోనూ కొంత ముందే అణగిపోతుంది. ఇక దెబ్బ నేరుగా వెన్నుకే! ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో స్పీడు బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు. ఈ బండి అడుగున ఖాళీ 17. మిగిలిన ఏడులో మేము కోత పెట్టాము. మా వీధి మిట్టలు ఆ లెక్క చదువుకున్నవి కావు.

అంతేకాదు. వెనుక మాత్రమే దింపినందున ముందు ఫోర్కు మరింత ఏటవాలై, హ్యాండిలు తిరగడానికి బద్ధకించింది. హెడ్‌లైటు ఎదుటివారి కళ్ళలోకి లేచింది. సైడు స్టాండు పొడవై, బండి నిటారుగా నిలిచి ఎప్పుడు పడుతుందో అన్నట్లుండేది.

పాత షాకబ్జర్లు మళ్ళీ వేయించాము. సీటు స్పాంజిని అంగుళం చెక్కించి, ముందు ప్రక్కలు సన్నం చేయించాము. దళసరి అడుగు బూట్లు కొన్నాము. ఇద్దరెక్కే రోజున వెనుక స్ప్రింగు బిగింపు రెండు మెట్లు పెంచుతున్నాము. ఇప్పుడు ఒక కాలు బాగా ఆనుతుంది. అది చాలు. బండి ఆగేది నిమిషం, నడిచేది గంట; నిమిషం కోసం గంటను పాడు చేసుకున్నాము.

ఇంటావిడ మాత్రం ఆనాటి నుండి మెట్రోలోనే వెళుతున్నది. మేము అడగలేదు. నిన్న రాత్రి తానే, "ఏమండీ, ఆదివారం మెల్లగా పోనిస్తారా?" అన్నది.