శిశువుల కుపాధ్యాయిని యగుట

మన పాఠశాలలో పదవ తరగతి ముగించుకొని పోవు బాలికలను "ఇకమీద నేమి చేయదలచితిరమ్మా?" యని యేటేట నడుగుట నా కలవాటు. వైద్యురాల నగుదునని యొకతె, పోలీసు నౌకరి యని యొకతె, బెంగుళూరు కంపెనీలో పని యని వేఱొకతె చెప్పును. బత్తలపల్లి యార్.డి.టి. ఆసుపత్రిలో తిరుగాడు నర్సులను దినదినము చూచుచు పెరిగినవారగుటచే నర్సు పని కోరువారు మఱి కొందఱు. పంతులమ్మ నగుదు ననువారును లేకపోలేదు. కాని "ఏ తరగతికి?" అని మఱల నడిగితినా, అందఱును పెద్ద తరగతులకే. మూడేండ్ల బిడ్డలకు చదువు చెప్పుదునని నాతో నింతవఱ కొక్కతెయు ననలేదు. అనియున్నచో తక్కినవారు నవ్వియుందురు. పిల్లల నాడించుటకు శిక్షణ మెందులకని మనవారి తలంపు.

ఈ తలంపు తప్పని నా యభిప్రాయము. గురువు పనులలోనెల్ల పసిబిడ్డల గురువు పనియే కష్టతరము. దానికే యెక్కువ సాధన కావలెను. మన దేశమున దానికే యన్నిటికంటె తక్కువ శిక్షణము దొరకుచున్నది. ఇది యెట్లో కన్నులార చూచిన సంగతి యొకటి చెప్పి మొదలిడుదును.

కొన్ని సంవత్సరముల క్రిందట మన పూర్వవిద్యార్థిని యొకతె బత్తలపల్లికి చేరువనున్న యొక పల్లెలో అంగన్వాడీ కార్యకర్తగా నియమింపబడెను. ఆమె పేరు చెప్పను. చెప్పుట యామె కిష్టముండదు. పదవ తరగతి ప్యాసగుట, వివాహిత యగుట, ఆ యూరనే కాపురముండుట మన రాష్ట్రమున నీ పనికి కావలసిన యర్హతలు. మూడును ఆమెకు గలవు. ఆమె చేరిన రెండవ నెలలో నే నాదారిని పోవుచు లోనికి తొంగిచూచితిని. ఇరువదిమంది బిడ్డలు చాపలమీద వరుసగా కూర్చుండియుండిరి. ప్రతివాని యొడిలోను పలక. ప్రతి పలకమీదను పెద్ద యక్షరము. దానిమీద బిడ్డ బలపముతో దిద్దుచుండెను. గడప దగ్గఱ నొక పిల్లవాడు వెక్కివెక్కి యేడ్చుచుండెను. "ఏడవకు నాయనా, ఏడవకు" అని యీమె నాలుగైదు మాఱులు చెప్పెను. వాడు మఱింత బిగ్గఱగా నేడ్చెను.

"ఇంత పసివారికి పలక లెందుకమ్మా?" యని యడిగితిని.

"ఏం చేయాల సార్? సాయంత్రం పలకమీద అక్షరం కనపడకపోతే వాళ్లమ్మలు ఊరుకోరు. కాన్వెంటులో వేస్తామంటారు" అనెను.

అంతలో అక్కడి యాయా, అక్షరజ్ఞాన మంతంతమాత్రమైన ముసలియమ్మ, వంటగదినుండి చేటెడు చెనిక్కాయలు తెచ్చి యేడ్చెడి పిల్లవాని ముందు కుమ్మరించి, వానితో నొక్క మాటయైన పలుకక, తానే కూర్చుండి యేరసాగెను. ఒంటిగింజ కాయ లొక కుప్ప. రెండు గింజలవి యొక కుప్ప. మూడు గింజలవి యొక కుప్ప. వాడు కొంతసేపు చూచెను. ఏడ్పు వెక్కిళ్లలోనికి దిగెను. పిమ్మట చేయి చాపి యొక కాయ తీసి, అటునిటు త్రిప్పి చూచి, రెండు గింజల కుప్పలో వేసెను. అది సరియైన కుప్పయే. గడియ లోపల పలకలు విడిచి మఱి నలుగురు వచ్చి చేరిరి. నేను లేచి వచ్చునప్పుడు ఆ యవ్వ నాతో, "ఏడ్చే బిడ్డకు మాటలు చెప్పకూడదయ్యా, చేతికి పని చూపించాల" అనెను.

నేను ముప్పదియేండ్లు పాఠములు చెప్పినవాడను. ఆ మాట నాకెవ్వరును చెప్పియుండలేదు.

ఆ యవ్వ యెఱుగకయే చేసిన పనిని శాస్త్రముగా నెఱిగి చేసినవారు కలరు. 1907లో రోమునగరమున సాన్ లొరెంజో యను పేదల వాడలో, కూలికి పోవు తల్లిదండ్రుల బిడ్డలకొఱకు మరియా మాంటిస్సోరీ యను వైద్యురాలు శిశుగృహమును తెఱచెను. చేతికి పని చూపి బుద్ధిని మేల్కొలుపుట యామె మార్గము. ఆమె 1939 నవంబరులో మదరాసునకు వచ్చి అడయారు దివ్యజ్ఞానసమాజమున శిక్షణతరగతి నడపగా దేశము నలుమూలలనుండి మున్నూరుమంది వచ్చి చేరిరి. మఱుసటియేడు ఇటలీ యుద్ధమున దిగుటచే ప్రభుత్వమువారు ఆమెను శత్రుదేశపు మనిషిగా నెంచి కట్టుబాటులలో నుంచిరి. అయినను 1946 వఱకు నామె యీ దేశముననే యుండి యుపాధ్యాయులను తయారుచేయుట మానలేదు. ఆమె పద్ధతిని నేర్వవచ్చినవారికి మొదటి పని పాఠము చెప్పుట కాదు. ఒక మూల నూరకుండి బిడ్డను చూచుట, చూచినది వ్రాసికొనుట. నోరు మూసికొని చూచుట గురువులకు మిక్కిలి కష్టమైన విద్య. నా సహోపాధ్యాయులు క్షమింతురు గాక.

అయితే మాంటిస్సోరీ కొయ్యసామానులు ఖరీదైనవి, పల్లె బడులకందవు. ఈ చిక్కు విప్పినది తారాబాయి మోడక్. గుజరాతు దేశపు భావనగరమున 1920లో బాలమందిరమును స్థాపించిన గిజుభాయి బధేకా దగ్గఱ నామె పనిచేసెను. (గిజుభాయి మొదట వకీలు, పిల్లలాయనను మీసాల తల్లి యని పిలిచిరట. శిశువుల బోధ స్త్రీల పనియే యనుకొను మన బాలురు ఈ సంగతి గమనింపవలెను.) తారాబాయి 1945లో బొంబాయికి ఉత్తరమున బోర్డీ యను సముద్రతీరపు గ్రామమునకు పోయి, తరువాత కోస్బాడు గుట్టలలో ఆదివాసుల నడుమ అనుతాయి వాఘ్ తోడుగా పనిచేసెను. కొయ్యసామానులకు బదులు గవ్వలు, గులకరాళ్లు, ఆకులు, పుల్లలు వాడెను. బిడ్డలు బడికి రానిచో బడియే బిడ్డల ముంగిటికి పోవలెనని వారి యిండ్ల ముంగిళ్లలోనే తరగతులు పెట్టెను. అంగన్ అనగా ముంగిలి. నేడు మన వీధిలోని అంగన్వాడీ పేరునకు మూల మదియే. మన ముసలియమ్మ చెనిక్కాయలకును ఆమె గులకరాళ్లకును భేదమేమి? ఒక్కటే. తారాబాయి తానెఱిగినదానిని పదిమందికి నేర్పు పద్ధతి యేర్పఱచెను. మన యవ్వ యెఱిగినది ఆమెతోనే పోవును.

ఇప్పుడు లెక్క చూడుడు. బత్తలపల్లి ఆసుపత్రిలో నర్సు కాగోరు బాలిక మూడేండ్లు నేర్వవలెను. అందు పెక్కు కాలము రోగి మంచము ప్రక్కనే. ఒకటవ తరగతి యుపాధ్యాయుడు కాగోరువాడు ఇంటర్మీడియటు పిమ్మట రెండేండ్లు చదువవలెను. అంగన్వాడీ కార్యకర్తకో? 1975 అక్టోబరు 2వ తేదీన దేశమున 33 ప్రాంతములలో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకమున తొలుత నెలలకొలది నుండిన శిక్షణము క్రమముగా తగ్గి 26 పనిదినములకు వచ్చెను. ఆ 26 దినములలోనే పౌష్టికాహారము, టీకాలు, బరువులు తూచుట, గర్భిణులకును బాలింతలకును చెప్పవలసిన హితములు, రిజిస్టర్లు వ్రాయుట నేర్వవలెను. ఆఱు సేవలలో చదువొకటి మాత్రమే. 2023లో కేంద్రప్రభుత్వమువారు 'పోషణ్ భీ పఢాయీ భీ' యను పేర చదువును మఱల ముందునకు తెచ్చిరి. సంతోషమే. అందు కార్యకర్తల కేర్పఱచిన శిక్షణము 3 దినములు. మూడవనాడు మనము ఊరగాయ జాడీ మూతతీసి తిరుగగలుపుదుము, అప్పటికది యూరియుండదు.

"తల్లులు శిక్షణ పొందియే బిడ్డలను పెంచుచున్నారా?" యని కొందఱు పెద్దలు నాతో వాదించిరి. తల్లి పెంచునది యొకరినో యిద్దఱినో. వారు తన కడుపున బుట్టినవారు. వారి యేడ్పున కర్థ మామె కెఱుకయే. పంతులమ్మ ముందుండువారు ఇరువదిమంది. ఒకడు ఆకలికేడ్చును, ఒకడు అమ్మ మగ్గము దగ్గఱ నున్నదని యేడ్చును, ఒకతె యేడ్వనే యేడ్వదు. ఆ యేడ్వని బిడ్డయే యెక్కువ కనిపెట్టవలసినది. పైగా మన సీమలో బిడ్డల మాట లొక్కటి కావు. తండాలలో లంబాడీ, ధర్మవరము కదిరి పట్టణములలో పెక్కిండ్ల ఉర్దూ, మడకశిర వైపు కన్నడము. తెలుగు బిడ్డకైనను పుస్తకములోని వేరుశనగ తెలియదు. వాని కది చెనిక్కాయ. ఇంటి మాటను చులకన చేయక బడి మాట నేర్పుట యెట్లో కన్నతల్లికి తెలియవలసిన పని లేదు. గురువునకు తెలియక తీరదు.

అక్షరముల తొందర సంగతియు నట్టిదే. మూడేండ్ల బిడ్డకు మణికట్టు నెముక లింకను పూర్తిగా ముదిరియుండవు. ఆ వయసున బలపము బిగబట్టించి దిద్దించుటకంటె మట్టి పిసికించుట, పూసలు గ్రుచ్చించుట, చెమ్మచెక్క యాడించుట రేపటి వ్రాతకు మేలు చేయును. ఈ సంగతి తెలిసిన పంతులమ్మయే, పలకమీద అక్షరమేదని సాయంకాలము నిలదీయు తల్లికి ధైర్యముగా బదులు చెప్పగలదు. తెలియనిది భయపడి దిద్దించును. మన పూర్వవిద్యార్థినికి లోపించినది ప్రేమ కాదు, ఓర్పు కాదు, ఆ ధైర్యమే. ఇందుకు తల్లులను నిందింపను. జీతములు కట్టి బిడ్డలను ఎల్.కె.జి.లో వేయు తండ్రులను నిందింపను. అక్కడనైనను ఇంటర్మీడియటు ముగించిన పిల్లను తక్కువ జీతమునకు పెట్టుకొని పసితరగతి నప్పగించుట నే నెఱుగుదును.

2020 జాతీయ విద్యావిధానమువారు ఈ కొఱతను గుర్తించిరి. మెదడు వికాసములో నూటికి 85 పాళ్లకు పైగా ఆఱేండ్లకు ముందే జరుగునని వ్రాసిరి. ఇంటర్మీడియటు చదివిన అంగన్వాడీ కార్యకర్తలకు 6 నెలల సర్టిఫికెటు చదువు, అంతకు తక్కువ చదివినవారికి ఒక సంవత్సరపు డిప్లొమా చెప్పిరి. కాలపరిమితి బాగున్నది. అది యిచ్చుటకు చెప్పిన త్రోవ టెలివిజను, సెల్‌ఫోను. గురువును ముఖాముఖి కలిసికొనుట నెల కొక్కసారియైన నుండవలెనట. పనికి భంగము రాకుండుటకే యట్లు చెప్పిరని నాకు తెలియును. కాని ఫోనులో చూచి సూది వేయ నేర్చిన నర్సుచే మన బిడ్డకు సూది వేయింతుమా? ఆ ఫోను సంగతియు చెప్పవలెను. 2021 నుండి వచ్చిన 'పోషణ్ ట్రాకర్'లో బిడ్డల హాజరు, బరువు, ఎత్తు ఎక్కించుటతోనే కార్యకర్తకు పూట గడచుచున్నది. అదే ఫోనులో సాయంకాలము శిక్షణమని చెప్పినచో ఆమె కండ్లు మూతపడును గాని తెఱచుకొనవు.

అట్లని పట్టణములో రెండేండ్లు చదివి డిప్లొమా తెచ్చినవారికే యీ పని యియ్యవలెనని నేననను. అన్నచో పల్లెలోని కోడలు పిల్ల సంసారము విడిచి పోలేదు. పట్టణపు పిల్ల వచ్చి పల్లెలో నిలువదు. చెనిక్కాయ యని పిలుచు గొంతు బడిలో వినబడదు. నేను కోరునది వేఱు. ప్రతి మండలమునను బాగుగా నడచు రెండు మూడు కేంద్రముల నేర్పఱచి, క్రొత్తగా చేరినదానిని ఆఱునెలలు జీతముతో అక్కడ కూర్చుండబెట్టవలెను. మొదటి నెల చూచుట, తరువాత నలుగురు బిడ్డలతో పని, తరువాత అందఱితో. నేర్పువారిలో మన యవ్వవంటి యాయాలు నుండవలెను. వారికి బోధకురాలి గౌరవమును, ఆ గౌరవమునకు తగిన వేతనమును ఈయవలెను.

వేతనము మాట వచ్చినది గనుక రెండు ముక్కలు. మన రాష్ట్రమున అంగన్వాడీలు 55 వేలకు పైగా నున్నవి. 2019లో ఇక్కడి కార్యకర్త గౌరవవేతనము నెలకు 11,500 రూపాయలు చేసిరి. 2023 డిసెంబరు 12వ తేదీ మొదలు నలువది దినములకు పైగా వారు సమ్మె చేసినప్పుడు, పిల్లల నాడించువారికి సమ్మె యెందుకని మన వీధి అరుగులమీదనే విన్నాను. అంతకు ముందు 2022 ఏప్రిలులో సుప్రీముకోర్టువారు అంగన్వాడీ కార్యకర్తలు, ఆయాలు గ్రాట్యుటీకి అర్హులని తీర్పు చెప్పి, వారి పనిని పనిగానే యెంచిరి. అరుగులమీద నా తీర్పింకను అమలు కాలేదు.

మరుసటి యేడు నే నా పల్లెకు మఱల పోయితిని. పలకలు మూలనుండెను. చాపమీద చింతగింజలు, మగ్గములనుండి తెచ్చిన రంగురంగుల దారపు తునుకలు. మన పిల్ల గోడ కానుకొని మాటలాడక బిడ్డలను చూచుచుండెను. "ఎవరమ్మా నేర్పినది?" యంటిని. ఆయావైపు కన్నులతో చూపెను. ఆ ముసలియమ్మ యీపాటికి పని మానుకొన్నది. ప్రక్క పల్లెలో క్రొత్తగా చేరినదానికి అట్టి యవ్వ లేదు.

మన పాఠశాల చేయదగినది యొకటి యున్నది. తొమ్మిదవ తరగతి బాలబాలికలను, బాలురను గూడ, శనివారము పూట నలుగురేసి చొప్పున దగ్గఱి అంగన్వాడీకి పంపవలెను. పాఠము చెప్పుటకు గాదు. ఒక మూల కూర్చుండి ఒక బిడ్డను గంటసేపు చూచి, చూచినది నోటుపుస్తకమున వ్రాసికొని వచ్చుటకు. ప్రధానోపాధ్యాయులవారి యనుజ్ఞకును, అంగన్వాడీ సూపర్వైజరుగారి సమ్మతికిని మనవి వ్రాసియుంచితిని. నోటుపుస్తకముల ఖర్చు నేను భరింతును.