ముందు మీ టీవీ సౌండ్ తగ్గించండి

ఆటోనగర్‌లో మా నాన్నకి చిన్న లేత్ షాపు ఉంది. లారీ బాడీలు కట్టే షెడ్లు, కమాన్ కట్టలు సరిచేసేవాళ్లు, పెయింటర్లు, వాళ్ల మధ్య మాదొకటి. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో సెలవు దొరికినప్పుడల్లా మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్లేవాణ్ని. దారిలోనే దూరదర్శన్ కేంద్రం. నాలుగేళ్లు దాన్ని దాటుకుంటూ వెళ్లాను, లోపల ఏం తీస్తారో ఒక్కసారీ ఆలోచించలేదు. ‘సప్తగిరి’ అంటే నాకు రిమోట్‌తో దాటేసే నంబరు. మీలో చాలామందికీ అంతే, నిజం చెప్పండి.

పోయిన నెల ఉయ్యూరు దగ్గర మా అమ్మమ్మ వాళ్లూరు వెళ్తే, ఆవిడ ఉన్నట్టుండి అడిగింది. “ఏరా, నీ ఫోన్లో అన్నీ వస్తాయంటావుగా. మీ తాతయ్య ఆ వ్యవసాయం ప్రోగ్రాంలో మాట్లాడాడే, అది వస్తుందా?”

తాతయ్య 2021లో పోయారు. ఆయన గొంతు మా దగ్గర ఎక్కడా లేదు. బటన్ల ఫోనే వాడారు కాబట్టి వాయిస్ మెసేజ్‌లు లేవు. పెళ్లి వీడియోల్లో అక్షింతలు వేస్తూ కనిపిస్తారు గానీ, పైన సినిమా పాట వినిపిస్తుంది. అమ్మమ్మకి తారీఖు గుర్తులేదు. “దోమపోటు వచ్చిన ఏడు, కోతలకి ముందు” అంది. “వీడి ఆఖరి సంవత్సరం ఫీజు కట్టిన నెల” అంది అమ్మ. రసీదు తీస్తే 2018 అక్టోబర్.

మూడు రాత్రులు వెతికాను. పాత ఎపిసోడ్లు ఒక్కొక్కటీ తెరిచి, ముందుకు జరుపుతూ, ఫోన్ మోగిన చోటల్లా ఆపి విన్నాను. దొరికింది. దాన్ని అప్పటికి చూసినవాళ్లు 61 మంది.

పందొమ్మిదో నిమిషంలో తాతయ్య. ఊరి పేరు చెప్పారో లేదో, ఆయన గొంతే వెనకనుంచి రెండోసారి వినిపించింది. “ముందు మీ టీవీ సౌండ్ తగ్గించండి” అంది యాంకరమ్మ. తాతయ్య ఇంట్లోకి తిరిగి, “ఏమేవ్, టీవీ తగ్గించు” అని కేకేశారు.

ఈ టీవీ సౌండ్ గొడవ ఎందుకో ఇంజినీర్ని కాబట్టి రెండు ముక్కలు చెప్పనివ్వండి. ఫోన్లో మాట వెంటనే స్టూడియోకి చేరుతుంది. స్టూడియో బొమ్మ మాత్రం దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున్న ఉపగ్రహానికి వెళ్లి, దిగి, సెట్‌టాప్ బాక్సులో విప్పుకుని మనింటికొచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యమైన మాట మళ్లీ ఫోన్లో దూరితే ఇంకేముంది, గోల.

సరే, తాతయ్య దగ్గరికి వద్దాం. సాంబ మసూరి వేశానని, దుబ్బు అడుగున దోమ చేరిందని చెప్పారు. పొలంలో నీళ్లు తీసేసి ఆరబెట్టమన్నాడు శాస్త్రవేత్త. రెండేసి మీటర్లకి ఇరవై సెంటీమీటర్ల కాలిబాట తీస్తే గాలి ఆడుతుందన్నాడు. కనిపించిన మందల్లా కొట్టొద్దు, కొన్ని మందులకి దోమ తగ్గకపోగా పెరుగుతుందన్నాడు. తాతయ్య అంతా విని, “నీళ్లు తియ్యమంటారు బానే ఉంది. కింది చేను ఆయన తియ్యకపోతే నా నీళ్లు ఎటు పోతాయండీ?” అన్నారు.

శాస్త్రవేత్త నవ్వలేదు. “కింది చేను ఆయన చూస్తుంటే ఆయనకీ చెప్తున్నాను” అని, ఇద్దరూ కలిసి బోదె ఎలా తెరుచుకోవాలో చెప్పాడు. డెల్టాలో నీళ్లు చేలోంచి చేలోకి పారతాయని తెలిసినవాడి జవాబది.

నేనిక్కడ ఒకటి ఒప్పుకోవాలి. నేను పనిచేసేది వీడియోలు చూపించే యాప్‌లో. మీకు తర్వాత ఏ వీడియో రావాలో తేల్చే కోడ్‌లో కొంత నేనే రాశాను. ఎంతమంది నొక్కారు, ఎంతసేపు చూశారు, అది లెక్క. మొదట్లో ఎవరూ నొక్కకపోతే ఆ వీడియో కిందికి పోతుంది, ఇంక పైకి రాదు. అంటే తాతయ్య ఎపిసోడ్‌ని నా కోడ్ పూడ్చిపెట్టేసి ఉండేది. దాంట్లో తప్పేమీ పట్టుకోలేం కూడా. 61 అంటే 61. కానీ ఆ వారం, ఆ కాలవ కింద, దోమ పట్టిన చేను ఉన్నవాడికి అంతకంటే పనికొచ్చే వీడియో ఇంకోటి లేదు. ఊరు, వారం, పంట అనేవి నా లెక్కలో లేవు.

నిజానికి మన ఊళ్లకి టీవీ వచ్చింది ఈ పని మీదే. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకి టీవీ చూపించారు. ఆంధ్రప్రదేశ్ అందులో ఉంది. చెప్పింది సేద్యం, ఆరోగ్యం, పిల్లల చదువు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబర్ 23న మొదలైంది. ఆరేళ్ల తర్వాత, 1983 నవంబర్ 14న శాంతిస్వరూప్ గారు తెలుగు వార్తలు చదివారు, ప్రాంప్టర్ లేదు కాబట్టి బట్టీ పట్టి. రాష్ట్రం విడిపోయాక 2014 సెప్టెంబర్‌లో సప్తగిరి విజయవాడ నుంచి మొదలైంది, తెలంగాణకి యాదగిరి వచ్చింది. ప్రైవేటు తెలుగు చానళ్లలో చాలావాటి పెద్ద స్టూడియోలు ఇప్పటికీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. అక్కడ కూర్చుని కింది చేను ఆయనతో మాట్లాడాలని ఎవరికి తోస్తుంది?

సప్తగిరి గొప్ప చానల్ అనడం లేదు నేను. చాలా కార్యక్రమాలు నత్తనడక. సెట్ చూస్తే గవర్నమెంటు ఆఫీసులో వెయిటింగ్ హాల్లా ఉంటుంది. సర్కారు పథకాల మీద గట్టి ప్రశ్న వస్తుందని ఎదురుచూస్తే వృథా. కానీ ఉచిత డిష్ ఒకటి పెట్టుకుంటే నెలనెలా డబ్బు కట్టకుండా రైతు చూడగలిగే లోకల్ చానల్ అది.

ఆఫీసులో ఒక ప్రతిపాదన పెట్టాను. వీడియోలో ఊరు, పంట, తెగులు పేర్లు తెలుగులో విని పట్టుకుని, ఆ ప్రాంతం వాళ్లకి వారం పాటు వ్యూస్‌తో పని లేకుండా చూపిద్దామని. మా మేనేజర్ బాగుందన్నాడు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, “ఇలాంటివాటికి వ్యూస్ ఎన్నుంటాయి?” ఇంకా తేలలేదు. ఈలోగా నేనే ఖాళీ దొరికినప్పుడల్లా పాత ఎపిసోడ్లు విని, ఏ నిమిషంలో ఏ ఊరు, ఏ పంట అన్నది రాసిపెడుతున్నా. ఇప్పటికి నలభై అయ్యాయి.

ఆదివారం వెళ్లి అమ్మమ్మకి వినిపించాను. ఫోన్ చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వింది. “ఏమేవ్, టీవీ తగ్గించు” అన్న చోట, “తగ్గించాగా” అంది మెల్లగా. మళ్లీ పెట్టమంది. మూడోసారి అయ్యాక ఫోన్ నా చేతిలో పెట్టి, “ఆ కింది చేను ఆయన ఆఖరిదాకా నీళ్లు తియ్యలేదు, తెలుసా?” అంది.