అమ్మాయికి కంప్యూటర్ చదువు... ఏ యూనివర్సిటీలో?

ఈఏపీసెట్ ర్యాంకులు చేతికందే రోజుల్లో మా ఆత్మకూరులో ఏ ఇంటికెళ్లినా ఒకటే మాట. "పాపని ఎక్కడ చేర్పిస్తున్నారు?" అని. ఏ బ్రాంచి అని ఎవరూ అడగరు. కంప్యూటర్సేనని అందరికీ తెలుసు. బస్టాండు గోడల మీద, ఆటోల వెనక, చివరికి కూరగాయల అంగడి ముందున్న కరెంటు స్తంభానికి కూడా కాలేజీల ఫ్లెక్సీలే. వాటిల్లో ల్యాప్‌టాప్ పట్టుకుని నవ్వేది ఎక్కువగా అమ్మాయిలే. మరి ఇంట్లో నిర్ణయం జరిగేటప్పుడు ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుంటున్నవాళ్లు ఎంతమంది?

అసలు "యూనివర్సిటీ" అనే మాట దగ్గరే చాలామందికి తికమక. 2008లో జేఎన్‌టీయూని విడదీసినప్పుడు మన నెల్లూరు వైపు ఇంజనీరింగ్ కాలేజీలు అనంతపురం జేఎన్‌టీయూ కిందికి వచ్చాయి. కాబట్టి దాని అనుబంధ కాలేజీల్లో ఎందులో చదివినా పట్టా మీద యూనివర్సిటీ పేరు అదే. "మాది జేఎన్‌టీయూ కాలేజీ" అని ఎవరైనా గొప్పగా చెబితే అందులో విశేషం ఏమీ లేదు. చూడాల్సింది పాఠం చెప్పేవాళ్లని. ప్రైవేటు యూనివర్సిటీలూ డీమ్డ్ యూనివర్సిటీలూ మాత్రం వేరు. సిలబస్ వాళ్లదే, పరీక్షలు వాళ్లవే, పట్టా వాళ్లదే. మన రాష్ట్రంలో ప్రైవేటు యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లను 2021 నుంచి కన్వీనరు కౌన్సెలింగ్ ద్వారానే నింపుతున్నారు. ఈ సంగతి తెలియక నేరుగా వెళ్లి లక్షలు కట్టి వచ్చేవాళ్లున్నారు.

సీట్లు దొరకవేమోనన్న భయం ఇప్పుడు అనవసరం. కాలేజీల్లో సీట్లకున్న పరిమితిని 2024-25 నుంచి ఏఐసీటీఈ ఎత్తేసింది. దాంతో పేరున్న కాలేజీలు సివిల్, మెకానికల్ తగ్గించుకుని కంప్యూటర్ సెక్షన్లు పెంచుకుంటూ పోయాయి. సీట్లు ఒక్క సంతకంతో పెరుగుతాయి. టీచర్లు అట్లా పెరుగుతారా? నిన్నటిదాకా వేరే బ్రాంచి పాఠాలు చెప్పినాయన ఇవాళ డేటా సైన్స్ చెబుతుంటే మన పిల్లకి ఏం వస్తుంది? బ్రాంచి పక్కన ఏఐ అనీ సైబర్ సెక్యూరిటీ అనీ తోక తగిలించినంత మాత్రాన లోపలి చదువు మారదు. 2025 జూలైలో టీసీఎస్ లాంటి సంస్థే 12 వేల మందికి పైగా ఉద్యోగుల్ని తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఇక పట్టా కాగితాన్ని చూసి ఉద్యోగం ఎవరిస్తారు?

న్యాక్ గ్రేడు చూసి చేర్పిస్తామంటారు కొందరు. చూడండి, తప్పులేదు. కానీ 2025 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలోని ఒక డీమ్డ్ యూనివర్సిటీకి గ్రేడు ఇచ్చే విషయంలో తనిఖీ బృందం వాళ్లే లంచం ఆరోపణల మీద సీబీఐకి చిక్కారు. పైగా న్యాక్ గ్రేడు సంస్థ మొత్తానికి ఇచ్చేది. బ్రాంచి వారీగా ఇచ్చేది ఎన్‌బీఏ గుర్తింపు. కంప్యూటర్ సైన్సుకి అది ఉందా లేదా అని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. ఎదుటివాళ్ల గొంతు మారిపోతుంది!

ఇంతకీ మన మెట్ట ప్రాంతంలో ఆడపిల్ల చదువుని తేల్చేది ఇవేవీ కావు. "దగ్గర" అనే ఒక్క మాట. ఉదయగిరిలో మేకపాటి రాజమోహన రెడ్డి పేరుతో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉండేది. గౌతమ్ రెడ్డి గారు 2022 ఫిబ్రవరిలో పోయాక ఆ ప్రాంగణాన్ని వ్యవసాయ విద్యకు మలుస్తామని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. ఇక ఉదయగిరి పిల్ల నెల్లూరు పోవాలంటే దూరమే. దాదాపు వంద కిలోమీటర్లు. మా ఆత్మకూరు నుంచైనా రోజూ పోయి రావడానికి మూడు గంటలు బస్సులోనే సరి. నాలుగేళ్లు ఇట్లా తిరిగే పిల్ల ల్యాబులో ఎప్పుడు కూర్చుంటుంది? సాయంత్రం కోడింగ్ క్లబ్బుల్లో ఎప్పుడుంటుంది? నాలుగున్నర బస్సు దాటితే ఇంట్లో అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంటుంది కదా!

మా వీధిలో బట్టలు కుట్టే ఒకావిడ ఉంది. రెండేళ్ల కిందట కొడుక్కి ర్యాంకు రాకపోతే అర ఎకరం అమ్మి మద్రాసులో మేనేజ్‌మెంటు సీటు కొన్నారు. ఈసారి కూతురికి మంచి ర్యాంకు వచ్చింది. తిరుపతిలో సీటు వచ్చే వీలుంది. తండ్రి మాత్రం నెల్లూరు దాటనివ్వనన్నాడు. "మగపిల్లోడంటే యాడన్నా బతుకుతాడక్కా, ఆడబిడ్డ కళ్ల ముందర ఉండాలంటాడు ఆయన" అంది కుట్టుమిషను ఆపకుండానే. నాకు ఒళ్లు మండింది. ర్యాంకు రానివాడికి పొలం, ర్యాంకు వచ్చినదానికి బస్సు పాసా? ఇది భద్రత గురించిన భయమే అయితే, తిరుపతిలో 1983 నుంచీ శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ ఇంజనీరింగూ ఉంది, హాస్టలూ ఉంది, అందరూ ఆడపిల్లలే. దానికీ ఒప్పుకోకపోతే అసలు సంగతి భయం కాదు, పెళ్లి ఖర్చు ముందు చదువు ఖర్చు ఎందుకన్న లెక్క.

ఆ లెక్కా తప్పే. కన్వీనరు కోటాలో వచ్చిన సీటుకి అర్హత ఉన్న కుటుంబాలకు ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తుంది. మేనేజ్‌మెంటు సీటుకి రాదు. ప్రభుత్వం డబ్బు ఆలస్యం చేస్తే సర్టిఫికెట్ల కోసం తిప్పే కాలేజీలున్నాయి. కాబట్టి ప్రభుత్వ యూనివర్సిటీ సొంత కాలేజీకే నా ఓటు. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ 1959 నాటిది. భవనాలు పాతవే కావచ్చు. ఫీజు తక్కువ, చదువుకున్నవాళ్లకి పేరూ ఉంది.

మన పిల్లలకి అక్కడ ఇంకో మేలు ఉంది. నెల్లూరు జిల్లా ఎస్వీ యూనివర్సిటీ ప్రాంతంలోకి వస్తుంది. ఆ ప్రాంతపు కాలేజీల్లో కన్వీనరు సీట్లలో 85 శాతం స్థానికులకే. ఉదయగిరి అవతల పామూరు నుంచే అది ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం. గుంటూరు, విజయవాడ కాలేజీల్లో మన పిల్లలు మిగతా 15 శాతంలోనే పోటీ పడాలి. అయితే పిల్లని ఎనిమిదో తరగతిలోనే విజయవాడ రెసిడెన్షియల్‌కి పంపి ఇంటర్ దాకా అక్కడే చదివిస్తే స్థానికత కూడా అటే పోతుంది. చివరి నాలుగేళ్లు వరసగా ఎక్కడ చదివారన్నదే లెక్క. ఇంటర్ రెండేళ్లే అక్కడైతే ఏడేళ్లలో ఎక్కువ కాలం మన వైపే గనుక ఇబ్బంది లేదు. ఇక హైదరాబాదు ఆశ వదులుకోవాల్సిందే. రాష్ట్రం విడిపోయాక పదేళ్లపాటు ఉన్న అవకాశం 2024తో ముగిసింది.

పదో తరగతి పిల్లలున్న తల్లులకి ఒక మాట. ట్రిపుల్ ఐటీలని మనం పిలిచే రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయంలో ప్రవేశం పది మార్కుల మీదే. ఇంటర్‌తో కలిపి ఆరేళ్ల చదువు. ఇడుపులపాయ, ఒంగోలు, నూజివీడు, శ్రీకాకుళం కేంద్రాలు. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకి మార్కుల్లో 4 శాతం కలుపుతారు. కాకపోతే బ్రాంచి రెండేళ్ల తర్వాత అక్కడి మార్కుల్ని బట్టి ఇస్తారు. కంప్యూటర్సే వస్తుందని హామీ లేదు. పది ఫలితాలు రాకముందే కార్పొరేట్ కాలేజీకి అడ్వాన్సు కట్టేసిన ఇళ్లలో దీని దరఖాస్తు మాటే ఎవరూ ఎత్తరు.

చివరగా వెబ్ ఆప్షన్లు. సీటు మన ర్యాంకుని బట్టీ, మనం పెట్టుకున్న వరసని బట్టీ వస్తుంది. "మేం పెట్టిస్తాం లేమ్మా" అంటూ ఇంటికొచ్చే కాలేజీల మనుషుల చేతికి హాల్‌టికెట్ నంబరూ పాస్‌వర్డూ ఇవ్వొద్దు. వాళ్ల కాలేజీని మొదట పెట్టేసి వెళ్లిపోతారు. ఆ వరస అమ్మాయి చేతే రాయించండి. మీకు కంప్యూటర్ రాకపోయినా పక్కన కూర్చోండి. వీలైతే అంతకుముందే మామూలు పనిదినం చూసుకుని కాలేజీకి వెళ్లండి. ఆఫీసులో కూర్చుని బ్రోచర్లు చూడొద్దు. క్యాంటీన్ దగ్గర మూడో సంవత్సరం అమ్మాయిల్ని పలకరించండి. ప్రోగ్రామింగ్ ఎవరు చెబుతున్నారు, ఈ ఏడాది ఎంతమంది సార్లు మానేసి వెళ్లారు, హాస్టల్ గేటు ఎన్నింటికి వేస్తారు, నీళ్లొస్తున్నాయా అని అడగండి. అందరికంటే పెద్ద ప్యాకేజీ ఎవరికొచ్చిందో అడగొద్దు, క్లాసులో మధ్యస్తంగా ఉన్న పిల్లకి ఎంతకి ఉద్యోగం వచ్చిందో అడగండి.